మౌసు మీద మూత

"ఈ రోజు నుంచి పౌరుడికీ ప్రభుత్వానికీ మధ్య ఒక్క క్లిక్కు కూడా అడ్డు నిలవదు!" అని మంత్రిగారు టీవీలో ప్రకటించిన ఉదయం మా ధ్రువపత్రాల కార్యాలయంలో అందరం లేచి నిలబడి చప్పట్లు కొట్టాం. టీవీకి లేచి నిలబడనక్కర్లేదని మా సూపరింటెండెంటుగారికీ తెలుసు. కానీ ఆయన లేచారు కాబట్టి మేమూ లేచాం. నిజం చెప్పాలంటే ఆయనకంటే ముందు నేనే లేచాను. ఈ సంగతి మొదట్లోనే చెప్పేస్తే మంచిది. తర్వాత జరిగినవాటిలో నా గొప్పతనం ఎంతో పాఠకులే తేల్చుకోవచ్చు.

నాలుగో కౌంటరు నాది. ముప్ఫై ఏళ్ళుగా టైపు చేస్తున్నాను. టైపు మిషను మీద నేర్చుకున్నదాన్ని. మా మాస్టారు మీటల మీద గుడ్డ కప్పేసి, "చూపు కాగితం మీద ఉండాలి, వేళ్ళు మీటల మీద ఉండాలి, మనసు మీ ఇష్టం" అనేవారు. అప్పటినుంచీ టైపు చేస్తూ తల ఎత్తడమంటే నాకు పరువు తక్కువ. కంప్యూటర్లు వచ్చాక కూడా తెర వైపు చూడలేదు. కొత్తగా చేరిన పిల్లలు అక్షరానికోసారి తెర చూసుకుంటుంటే, పాపం ఎవరు నేర్పారో అని జాలిపడేదాన్ని.

మంత్రిగారి కొత్త ఏర్పాటులో రెండు భాగాలున్నాయి. మొదటిది డెస్క్‌టాప్ విభాగం వారి విండో మేనేజర్. తెర మీద ఏ విండో ఎక్కడ ఉండాలో, మనం కొట్టిన అక్షరం ఏ విండోలోకి వెళ్ళాలో అదే చూసుకుంటుంది. ఇదివరకు ఒక విండోలో రాయాలంటే ముందు దాని మీద క్లిక్కు చెయ్యాల్సి వచ్చేది. ఇప్పుడక్కర్లేదు. మౌసు బాణం ఏ విండో మీద ఉంటే అక్షరాలు దాంట్లోకి పోతాయి. మంత్రిగారు ప్రజల నెత్తిమీంచి దించిన క్లిక్కు ఇదే.

రెండోది బ్రౌజర్ విభాగం వారి బ్రౌజర్. దరఖాస్తు ఫారాలు అందులోనే తెరుచుకుంటాయి. అదొక్కటే అయితే దాన్ని తయారుచేసినవాళ్ళకి తృప్తి ఉండదు కదా. అందుకని ప్రతి మూడు నిమిషాలకీ తెర కింద, కుడి మూలన ఒక చిన్న విండో లేచేది. అందులో మంత్రిగారి నవ్వు, ఆ నవ్వు కింద 'మంత్రిగారికి మీ మాట' అని ఒక ఖాళీ పెట్టె. అందులో ఏదైనా రాసి ఎంటర్ కొడితే 'ధన్యవాదాలు' అని ఒక్క క్షణం మెరిసి, విండో దానంతటదే మూసుకుపోయేది.

రెండు విభాగాలూ ఒకే భవనంలో, ఒకే అంతస్తులో ఉంటాయి. మధ్యలో ఒక తలుపు ఉంది. దానికి రెండు వైపులా గడియ ఉంది.

మొదటి రెండు వారాలూ వైభవంగా గడిచాయి. నేను రోజుకి నలభై దరఖాస్తులు టైపు చేశాను. రెండో వారం చివర మా కార్యాలయానికి మంత్రిగారి ఛాంబరు నుంచి ప్రశంసాపత్రం వచ్చింది. మంత్రిగారికి ప్రజలు పంపిన మాటల లెక్కలో అన్ని ఆఫీసులకంటే మాదే ముందంజ అట.

"మన జనానికి ఇంత ప్రేమ ఉందని నాకే తెలీదు మేడమ్" అన్నారు సూపరింటెండెంటుగారు, ఆ పత్రాన్ని గోడకి ఏ ఎత్తులో కొట్టించాలా అని వెనక్కీ ముందుకీ నడుస్తూ.

"నాకూ తెలీదండీ" అన్నాను.

సర్టిఫికెట్లు మాత్రం కాస్త తక్కువగా అచ్చవుతున్నాయి. వాటికి ప్రశంసాపత్రం లేదు కనుక ఎవరూ అడగలేదు.

అడిగింది కుట్టుపని ఆవిడ. మా ఆఫీసు వెనక సందులో రెండు మిషన్ల దుకాణం ఆవిడది. మెడలో కొలత టేపు అలాగే వేలాడుతుండగా, ఆరేళ్ళ పాపను చెయ్యి పట్టుకుని కౌంటరు ముందు నిలబడింది. పాప ఆవిడ అక్క కూతురు. అక్క పోయింది. పాప తండ్రి అంతకుముందే ఎటో పోయాడు. పాపకి సంరక్షకురాలు ఈవిడేనని మేమొక కాగితం ఇస్తే బళ్ళో చేర్చుకుంటారు. ఆ కాగితం కోసం ఆవిడ రావడం అది మూడోసారి.

"అమ్మా, వచ్చిందా?"

వెతికాను. ఆవిడ పేరు మీద అసలు దరఖాస్తే లేదు. పోయినసారీ లేదు, అంతకుముందూ లేదు. ప్రతిసారీ నేనే, ఈ వేళ్ళతోనే టైపు చేశాను.

"మళ్ళీ రాస్తానుండు."

"వచ్చే శుక్రవారం ఆఖరి రోజమ్మా. కిందటేడు కూడా ఈ కాగితం లేకే ఆగిపోయింది. ఈసారీ తప్పితే దీనికి ఏడొచ్చేస్తాయి. ఒకటో తరగతిలోకి తీసుకోరంట."

పాప కౌంటరు అంచు మీద గడ్డం ఆనించి నా వేళ్ళ వంక శ్రద్ధగా చూసింది. ముందు పన్ను ఒకటి లేదు.

"పిన్నీ, ఈవిడకి టైపు రాదా?"

"ష్! పెద్దావిడ" అంది కుట్టుపని ఆవిడ. కాదని మాత్రం అనలేదు.

ఆ సాయంత్రం ఈ అవమానం మా అమ్మాయికి చెప్పుకున్నాను. అది ఇంట్లోనే కూర్చుని కంప్యూటర్లతో ఏదో ఉద్యోగం చేస్తుంది. ఏం ఉద్యోగమో నాకు చాలాసార్లు చెప్పింది. నేను దాన్ని ముగ్గురు చుట్టాలకి మూడు రకాలుగా చెప్పాను. నేను చెప్పిందంతా విని అది ఉల్లిపాయలు తరగడం ఆపింది.

"అమ్మా, ఒక దరఖాస్తు అయ్యాక బాణం ఎక్కడ వదిలేస్తావ్?"

"సమర్పించు బటను దగ్గర. కింద, కుడివైపు. అది నొక్కాకేగా తర్వాతిది మొదలుపెట్టేది."

"మంత్రిగారు ఎక్కడ లేస్తారు?"

"కింద, కుడివైపు."

"అన్నిటికంటే పెద్ద గడి ఏది, ఫారంలో?"

"కారణం. మిగతావి రెండేసి మాటలు. కారణం మాత్రం ఓ పేరా ఉంటుంది."

"అది కొడుతున్నప్పుడు నువ్వు తెర చూడవు."

"చూడను. టైపు వచ్చినవాళ్ళం చూడం."

మా అమ్మాయి నన్ను చాలాసేపు చూసింది. నా జ్వరం చూడ్డానికి నుదుటి మీద చెయ్యి వేసినప్పుడు కూడా అంత ప్రేమగా చూడలేదు.

"అయితే అమ్మా, రెండు వారాలుగా నువ్వు ఊళ్ళోవాళ్ళ కష్టాలన్నీ మంత్రిగారికి ఉత్తరాలుగా రాస్తున్నావ్. ఫారంలో కారణం గడి ఖాళీగానే పోతోంది."

దరఖాస్తులో ఒక్క గడి ఖాళీ ఉన్నా యంత్రం దాన్ని ఎవరికీ చెప్పకుండా పక్కన పడేస్తుంది. పక్కన పడేసినట్టు చెప్పడం దాని విధుల్లో లేదు.

మర్నాడు రెండు విభాగాలకీ ఫోన్లు చేశాను. వాళ్ళు ఎంత బాధ్యత గలవాళ్ళంటే, సోమవారం ఉదయాన్నే ఇద్దరు అధికారులూ స్వయంగా వచ్చి నా కుర్చీకి అటొకరు ఇటొకరు కూర్చున్నారు. వాళ్ళిద్దరికీ మాటల్లేవు. అందుకని నా ద్వారా మాట్లాడుకున్నారు.

"బాణం ఎక్కడుందో అక్షరం అక్కడికే వెళ్ళింది. మా విండో మేనేజర్ విధి తప్పలేదని ఆయనకి చెప్పండి" అన్నారు డెస్క్‌టాప్ అధికారి.

చెప్పాను.

"మా విండో లేవాల్సిన చోటే లేచింది. అక్షరాలు వస్తే పుచ్చుకుంది. ఇచ్చింది వద్దనడం మర్యాద కాదని ఆయనకి చెప్పండి" అన్నారు బ్రౌజర్ అధికారి.

చెప్పాను.

"ఆ విండోని ఇంకో మూలకి మార్చుకోవచ్చుగా?" అన్నారు డెస్క్‌టాప్ అధికారి.

"ఆ మూల మంత్రిగారు ఎంచుకున్నది. బాణం ఉన్న చోటికల్లా అక్షరాలు పరిగెత్తకుండా ఆయన్నే ఆపుకోమనండి."

"అంటే మళ్ళీ క్లిక్కు పెట్టమంటారా? మంత్రిగారు తీసేసిన క్లిక్కుని?"

ఈ మాటకి ఇద్దరూ ఒక్కసారిగా భయపడ్డారు. ఆ రోజు వాళ్ళు ఏకాభిప్రాయానికి వచ్చింది ఆ భయం దగ్గరే. మధ్యలో కూర్చుని నేను తల అటూ ఇటూ తిప్పాను. మెడ నొప్పి పుట్టింది కానీ, ఇంత పైస్థాయి చర్చలు నా మీదుగా జరుగుతున్నాయని లోలోపల పొంగిపోయాను. పన్నెండింటికల్లా ఉమ్మడి నివేదిక తయారైంది. 'రెండు ఉత్పత్తుల మధ్య ఎలాంటి ఘర్షణా లేదు. ఘర్షణ నాలుగో కౌంటరులో ఉంది' అని రాశారు. దాన్ని టైపు చేసింది నేనే. ఒక్క తప్పు లేదు.

ఘర్షణ నా దగ్గరే ఉందని తేలింది కాబట్టి పరిష్కారం కూడా నా సంచిలోనే వెతికాను. ఆ మధ్యాహ్నమే అన్నం తిని డబ్బా కడుక్కున్నాక, బాణాన్ని తెర పైన ఎడమ మూలకి తోశాను. మౌసు కదలకుండా దాని మీద డబ్బా మూత బోర్లించాను. ఇక నా మోచెయ్యి తగిలినా, కాగితాలు జారిపడినా బాణం ఫారం మీదే ఉంటుంది. మంత్రిగారు మూలన లేచి నవ్వుతారు, ఎవరూ ఏమీ రాయకపోతే కాసేపు ఉండి వెళ్ళిపోతారు. దరఖాస్తు అయ్యాక మూత ఎత్తి, సమర్పించు నొక్కి, మళ్ళీ బాణాన్ని పైకి తోసి మూత పెట్టేదాన్ని. పూర్తి దరఖాస్తు వెళ్తే పది నిమిషాల్లో సర్టిఫికెట్ అచ్చవుతుంది. మూడు రోజుల్లో నూటపది అచ్చయ్యాయి. ప్రింటరు వేడెక్కి వాసన వచ్చింది.

కుట్టుపని ఆవిడ వేలిముద్ర వెయ్యాలి కాబట్టి ఆవిడ ఎదురుగా ఉంటేనే ఆ దరఖాస్తు పెట్టగలం. ఎందుకైనా మంచిదని ఆవిడని గడువుకి ఒక రోజు ముందుగా, గురువారం రమ్మని చెప్పి ఉన్నాను. ఎందుకైనా మంచిదని నేను చేసే పనుల గురించి మా ఇంట్లో ఒక అభిప్రాయం ఉంది.

గురువారం పదింటికి ఛాంబరు నుంచి ఫోను వచ్చింది. సూపరింటెండెంటుగారు నిలబడి మాట్లాడారు.

"అయ్యా... లేదయ్యా... కోపం ఎందుకుంటుందయ్యా? ప్రేమేనయ్యా... కనుక్కుంటానయ్యా."

ఫోను పెట్టేసి నా కౌంటరు దగ్గరికి వచ్చారు. మొహంలో నెత్తురు లేదు.

"మూడు రోజులుగా మన జనం మంత్రిగారితో మాట్లాడటం మానేశారట మేడమ్. రేపే సభ. అన్ని ఆఫీసులూ కలిపి లక్ష మాటల పండగ. ఎక్కువ మాటలు పంపిన ఆఫీసుకిచ్చే కప్పు మనకే అనుకున్నాం. లెక్కలో మన వెనకున్న ఆఫీసు ఇప్పుడు పదకొండు మాటల దూరంలో ఉంది." ఆయన చూపు మూత మీద పడింది. "ఇదేంటి?"

"మూతండీ."

"దేనికి?"

"దరఖాస్తులు దరఖాస్తుల్లోకే పోడానికండీ."

ఆయన ఆలోచించారు. మంచి మనిషి. మా ఆఫీసులో ఎవరింట్లో కష్టం వచ్చినా అందరికంటే ముందు వెళ్ళేది ఆయనే.

"ఈ ఒక్క రోజుకీ తీసెయ్యండి" అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, "నేను తియ్యమనడం లేదు. మీరే తీస్తే బావుంటుందంటున్నాను" అన్నారు.

నా చెయ్యి వణికిందని రాస్తే పాఠకులకి నా మీద గౌరవం కలుగుతుంది. వణకలేదు. మూత తీసి, తుడిచి, సంచిలో పెట్టుకున్నాను.

పదకొండింటికి కుట్టుపని ఆవిడ వచ్చింది. పాపకి అప్పుడే యూనిఫారం కుట్టేసింది. పెరిగే పిల్ల అని గౌను అంచు లోపలికి రెండు మడతలు ఎక్కువ పెట్టింది. వేలిముద్ర తీసుకున్నాను. ఆవిడ రాసిచ్చిన కాగితం ముందు పెట్టుకున్నాను. సూపరింటెండెంటుగారు నా కుర్చీ వెనకే నిలబడ్డారు.

పేరు, వయసు, చిరునామా కొట్టాను. తర్వాత కారణం.

బాణం ఎక్కడుందో నాకు తెలుసు. తెర చూడకుండానే తెలుసు. నేను కాగితం వంకే చూస్తూ టైపు చేశాను: 'ఈ బిడ్డకు తల్లి లేదు. తండ్రి జాడ లేదు. బడిలో సంరక్షకుల పేరు అడుగుతున్నారు. తమరు దయతలచి ఆ పేరు ఇప్పించగలరు.' ఎంటర్ కొట్టాను.

"ధన్యవాదాలు వచ్చింది మేడమ్" అన్నారు సూపరింటెండెంటుగారు, నా వెనకనుంచి, మెల్లగా.

"కాగితం ఏదమ్మా?" అంది ఆవిడ.

"ప్రాసెస్‌లో ఉందమ్మా. రేపు సభ దగ్గరికి రా. పాపని కూడా తీసుకురా."

ఈ అబద్ధం నన్నెవరూ చెప్పమనలేదు. సొంతంగా చెప్పాను.

శుక్రవారం సభ కన్నులపండువగా జరిగింది. ఆఫీసులన్నీ సెలవు. డెస్క్‌టాప్ అధికారికీ బ్రౌజర్ అధికారికీ 'అతుకు కనిపించని సమన్వయం' కింద ఉమ్మడిగా ఒక జ్ఞాపిక ఇచ్చారు. చెరో అంచు పట్టుకుని, చెరో వైపు చూస్తూ ఫొటో దిగారు. తర్వాత మంత్రిగారు మైకు అందుకున్నారు.

"లక్ష మాటలు! ప్రతి మాటా చదివాను. వాటిలో ఒకటి నన్ను నిద్రపోనివ్వలేదు." జేబులోంచి కాగితం తీశారు. "'ఈ బిడ్డకు తల్లి లేదు. తండ్రి జాడ లేదు...'"

ఆయన ఆగి, రుమాలుతో కళ్ళు అద్దుకున్నారు. ఆరో వరసలోంచి పాప గొంతు ఒక్కటే వినిపించింది.

"పిన్నీ, అది మన కాగితం."

"'...తమరు దయతలచి ఆ పేరు ఇప్పించగలరు.' ఇస్తున్నాను!" మంత్రిగారు గుండె మీద చెయ్యి వేసుకున్నారు. "ఆ పేరు నాది! ఈ బిడ్డకి సంరక్షకుణ్ణి నేను!"

చప్పట్లు ఎంతసేపు మోగాయంటే, కుట్టుపని ఆవిడ లేచి నిలబడి చెయ్యెత్తి ఏదో చెప్పబోయింది కానీ, ఆవిడ కూడా చప్పట్లు కొడుతోందనే అందరూ అనుకున్నారు.

ఆ తర్వాత నన్ను పిలిచి కప్పు ఇచ్చారు. బంగారు రంగుది. మంత్రిగారు మైకు నా ముందు పెట్టి, "ఇన్ని మాటలు ఎలా సాధించారమ్మా?" అని అడిగారు.

ముప్ఫై ఏళ్ళలో నన్నెవరూ మైకులో ఏమీ అడగలేదు. కంగారులో నిజం చెప్పేశాను.

"చూడకుండా పనిచేశానండీ."

"విన్నారా!" అన్నారు మంత్రిగారు సభతో. "అదీ అంకితభావం! నేను చేసేదీ అదే!"

మళ్ళీ చప్పట్లు. నేనూ కొట్టబోయి, చేతిలో కప్పు ఉందని ఆగాను.

సోమవారం కప్పుని మౌసు మీద బోర్లించాను. లోపల ఏమీ లేదు కనుక సరిగ్గా పట్టింది. సూపరింటెండెంటుగారు చూశారు. మంత్రిగారి చేతిమీదుగా వచ్చిన వస్తువును తియ్యమనడానికి ఆయనకి ధైర్యం చాలలేదు. నాకు మొదటిసారి నా తెలివి మీద గౌరవం కలిగింది. అది మధ్యాహ్నం మూడున్నర దాకా ఉంది.

మూడున్నరకి కుట్టుపని ఆవిడ పరిగెత్తుకుంటూ వచ్చింది.

"పాపని బళ్ళో చేర్చుకున్నారమ్మా!"

"నిజంగానా! గడువు అయిపోయిందిగా?"

"పొద్దున్న పేపరు పట్టుకెళ్ళాను. మంత్రిగారి ఫొటో వేసి, ఆయనన్న మాట అంతా రాశారుగా. హెడ్‌మాస్టరుగారు చూసి, 'మంత్రిగారి పాపకి గడువేంటమ్మా' అని ఆయనే చెయ్యి పట్టుకుని క్లాసులో కూర్చోబెట్టారు."

నేను కప్పు వంక చూసుకున్నాను. కళ్ళు చెమర్చాయి కూడా.

"మరింకేం, సంతోషమేగా?"

"రిజిస్టర్లో సంరక్షకుడని మంత్రిగారి పేరు రాశారమ్మా. సాయంత్రం పాపని పంపాలంటే ఆయనైనా రావాలంట, ఆయన రాసిన చీటీ అయినా తేవాలంట. నువ్వెవరని నన్నడిగారు. పిన్నినంటే, కాగితం చూపించమన్నారు."

వెంటనే ఆవిడ దరఖాస్తు మళ్ళీ పెట్టాను. కప్పు కింద ఒక్క అక్షరం పక్కకి పోకుండా, అన్ని గళ్ళూ నిండేలా టైపు చేశాను. ఈసారి యంత్రం వెంటనే జవాబిచ్చింది. బడి రిజిస్టరు వివరాలు కూడా దానికి చేరతాయట. 'ఈ బిడ్డకు సంరక్షకులు ఇప్పటికే ఉన్నారు.'

ఇక మిగిలింది మంత్రిగారికి మాట పంపడమే. ఆ దారి అన్ని ఆఫీసుల్లోకీ బాగా తెలిసినదాన్ని నేనే. కప్పు ఎత్తి పక్కన పెట్టాను. బాణాన్ని కింద కుడి మూలకి తెచ్చాను. వేళ్ళు మీటల మీద పెట్టి, తల ఎత్తి, తెర వంక చూశాను.

మూడు నిమిషాలు గడిచాయి. ఇంకో మూడు గడిచాయి. వెనకనుంచి సూపరింటెండెంటుగారు వచ్చారు.

"ఏంటి మేడమ్, తెర చూస్తున్నారు?"

"మంత్రిగారి కోసమండీ."

"ఆయన ఇక లేవరండీ. లక్ష పూర్తయిందిగా, ఆ విండో తీసేశారు. ఇందాకే సర్క్యులర్ వచ్చింది. రెండు విభాగాల మధ్య ఉన్న సమస్య శాశ్వతంగా పరిష్కారమైందట."

కుట్టుపని ఆవిడ మెడలోని టేపుని వేలికి చుట్టుకుంటూ గోడ గడియారం చూసింది.

"నాలుగింటికి బడి వదులుతారమ్మా" అంది.

నేను తెర వంక చూస్తూనే ఉన్నాను. దాని మీద ఫారం ఒక్కటే ఉంది. మధ్యలో ఏ అడ్డూ లేదు.